నాయకత్వం చదవాలంటే ముందు ఒక పనిచోటు చూసుకోండి

ఎంబీఏలో ఆర్గనైజేషనల్ బిహేవియర్ (సంస్థల్లో మనుషుల ప్రవర్తన) పేపరు రాసినవాళ్లను ఎవరినైనా అడగండి, నాయకత్వ సిద్ధాంతాల పేర్లు గడగడా అప్పజెబుతారు. అదే మనిషిని "మీ సెక్షన్‌లో మొన్న ఇద్దరు మానేసి వెళ్లారు కదా, మీ మేనేజరు ఏం చేసుంటే ఆగేవాళ్లు?" అని అడిగితే నీళ్లు నములుతారు. చదివింది ఒక చోట, చూసింది మరో చోట ఉండిపోవడమే దీనికి కారణం. గైడు బట్టీ పడితే మార్కులు వస్తాయి, కాదనను. కానీ ఈ సబ్జెక్టు నిజంగా పట్టుబడాలంటే వరస తిరగేయాలి: ముందు ఒక పనిచోటును బాగా చూడాలి, తర్వాత పుస్తకం తెరవాలి.

నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో చదువుకుంటున్నవాళ్లకీ, రొయ్యల ప్లాంటులో, గ్రానైట్ యూనిట్లో, బ్యాంకు బ్రాంచిలో కొత్తగా సూపర్‌వైజర్ అయినవాళ్లకీ, పొదుపు సంఘం నడుపుతున్నవాళ్లకీ పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. కావలసినవి ఒక నోటుబుక్కు, వారానికి ఐదారు గంటలు, మూడు నాలుగు నెలల ఓపిక.

మొదటి మెట్టు: ఒక చోటు, ఒక ప్రశ్న

ఒక్క పనిచోటు ఎంచుకోండి. పెద్ద కంపెనీయే కానక్కర్లేదు. పది నుంచి నలభై మంది దాకా కలిసి పనిచేస్తూ, రోజూ ఏదో ఒక నిర్ణయం జరిగే చోటయితే చాలు. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు, చీమకుర్తి క్వారీ, స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం గోడౌను, మీ ఊరి ఆసుపత్రి, ఏదైనా సరే. యజమాని అనుమతి ముందే తీసుకోండి. "మీ మీద రిపోర్టు రాయను, పని ఎలా జరుగుతుందో చూస్తాను" అని చెప్పండి, ఆ మాట మీదే నిలబడండి.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "మంచి నాయకుడు ఎలా ఉంటాడు?" అన్న ప్రశ్నతో ఏళ్ల తరబడి తిరిగినా ఎక్కడా తేలరు. "ఇక్కడ ఏదైనా తేడా వస్తే ముందు నోరు విప్పేది ఎవరు, విప్పనిది ఎవరు?" అన్నది పట్టుకుంటే వారంలోనే ఏదో ఒకటి కనబడుతుంది.

రెండో మెట్టు: క్రియలు రాయండి, విశేషణాలు వద్దు

ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు. చాలామంది దాటేసేదీ ఇదే. "మేనేజరు చాలా కఠినంగా ఉంటాడు, కానీ మనసు మంచిది" అని రాస్తే అది మీ అభిప్రాయం. ఎవరు ఎవరితో ఏమన్నారు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు మాట్లాడలేదు, ఇవి రాయాలి. నమూనాకి రొయ్యల గుంటల దగ్గర ఒక రాత్రి నోట్సు ఇలా ఉంటుందనుకోండి:

"తెల్లారుజామున 3.20. కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగాయి. కాపలా ఉన్న పెద్దాయన ఎవరికీ చెప్పకుండా జనరేటరు షెడ్డుకు పరుగెత్తాడు. సెల్ఫ్ తీసుకోలేదు. టెక్నీషియన్ కుర్రాడు డీవో మీటరు చూసి 'మూడుకొచ్చేసింది సార్' అన్నాడు. మేనేజరు వచ్చీరాగానే: 'నువ్వు ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసుకురా, నువ్వు ఆక్సిజన్ ట్యాబ్లెట్లు తీసుకురా, పెద్దాయనా నువ్వు నాలుగో గుంట గట్టు మీదుండు.' ఎందుకని ఒక్కరూ అడగలేదు. 3.45కి ఏరేటర్లు తిరిగాయి. ఆరుకు టీ దగ్గర మేనేజరు అడిగాడు: 'బ్యాటరీ వీకని ముందే ఎవరికైనా తెలుసా?' ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు."

గుంటల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. డీవో అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఏరేటరు అంటే నీటిలోకి గాలి ఎక్కించే యంత్రం. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అందుకే తెల్లారేముందు డీవో అన్నిటికంటే తక్కువకు పడుతుంది. ఆ సమయంలో ఏరేటరు ఆగితే పెట్టుబడంతా నీళ్లపాలయ్యే ప్రమాదం ఉంది. ఈ ఒక్క పేజీలో నాయకత్వ శాస్త్రం సగం దాగి ఉంది. గట్టు మీద జరిగిన ఇరవై అయిదు నిమిషాలు ఒక ఎత్తు, టీ దగ్గర ఆ మౌనం ఒక ఎత్తు. ముందుకు పోయేకొద్దీ దీన్నే మళ్లీ మళ్లీ తీసి చూద్దాం.

పెద్దస్థాయి వాళ్లను ఇలా దగ్గరుండి చూడటం కొత్తేమీ కాదు. మేనేజ్‌మెంటు పరిశోధకుడు హెన్రీ మింట్జ్‌బెర్గ్ అయిదుగురు ముఖ్య కార్యనిర్వాహకుల వెంట ఒక్కొక్క వారం తిరిగి, వాళ్లు చేసిందంతా రాసుకుని 1973లో ప్రచురించాడు. పైవాళ్లు తలుపేసుకుని ప్రణాళికలు వేస్తుంటారన్న నమ్మకం దాంతో పోయింది. పని ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఎవరో ఒకరు వచ్చి ఆపుతూ, ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుందని తేలింది.

మూడో మెట్టు: సిద్ధాంతాలను తగవులుగా చదవండి

ఇప్పుడు పుస్తకం తెరవండి. జాబితాలాగా కాకుండా, ఒకాయన చెప్పినదాన్ని తర్వాతాయన ఎందుకు ఒప్పుకోలేదో చూసుకుంటూ వెళ్లండి. అలా చదివితే ఏళ్లు, పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

మొదటి మాట పందొమ్మిదో శతాబ్దానిది. చరిత్రను నడిపేది మహాపురుషులేనని థామస్ కార్లైల్ 1840లో ఉపన్యాసాలిచ్చాడు. దాని వెనకే నాయకుడి లక్షణాల వేట మొదలైంది: తెలివి, ధైర్యం, మాటకారితనం, చివరికి ఎత్తు కూడా లెక్కేశారు. 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని, లక్షణాల మూట ఒక్కటే ఎవరినీ నాయకుణ్ణి చేయదు, పరిస్థితిని కూడా చూడాలి అన్నాడు. ఇది అర్థం కావడానికి మనం అమెరికా పోనక్కర్లేదు. టంగుటూరి ప్రకాశం 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు ఎదురెళ్లి తుపాకుల ముందు గుండె చూపిన మనిషి. అదే మనిషి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. ధైర్యం ఎక్కడికీ పోలేదు. రోడ్డు మీద నిలబడే పని వేరు, శాసనసభలో పక్షాలను కూడగట్టుకునే పని వేరు.

రెండో తగవు ప్రవర్తన గురించి. కర్ట్ లెవిన్, లిపిట్, వైట్ కలిసి పదేళ్ల పిల్లల క్లబ్బులకు మూడు రకాల పెద్దలను పెట్టి చూశారు: అన్నీ తానే చెప్పేవాడు, అందరితో మాట్లాడి చేయించేవాడు, ఏమీ పట్టించుకోనివాడు. 1939లో వచ్చిన ఆ ఫలితాల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది: పెద్దాయన గది వదిలి వెళ్లినప్పుడు ఏం జరుగుతుంది? పెత్తనం చేసేవాడు వెళ్లగానే పని పడిపోయింది, కలుపుకుపోయేవాడు వెళ్లినా పని సాగింది. మీ నోటుబుక్కులో ఈ పరీక్ష ఈ వారమే పెట్టుకోవచ్చు. మేనేజరు బ్యాంకు పని మీద ట్రంకురోడ్డుకు వెళ్లిన రెండు గంటలు రాయండి. ఆ తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ప్రవర్తనను రెండు కొలతలుగా విడదీశారు: పనిని ఒక పద్ధతిలో పెట్టడం, మనుషుల బాగోగులు చూడటం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కావు. ఒకే మనిషిలో రెండూ ఎక్కువగా ఉండొచ్చు.

మూడో తగవు: ఏ పద్ధతయినా అన్ని చోట్లా పనిచేస్తుందా? ఫ్రెడ్ ఫీడ్లర్ 1967లో కాదన్నాడు. ఆయన లెక్కలో మనిషి స్వభావం అంత సులువుగా మారదు, కాబట్టి స్వభావానికి తగిన చోట మనిషిని పెట్టాలి. పరిస్థితి పూర్తిగా చేతిలో ఉన్నప్పుడూ, పూర్తిగా చేజారినప్పుడూ పని మీదే దృష్టి పెట్టేవాడు నెగ్గుకొస్తాడు, మధ్యరకం పరిస్థితిలో మనుషుల్ని చూసుకునేవాడు నెగ్గుతాడు. రెండేళ్లకే హెర్సీ, బ్లాంచర్డ్ దీన్ని తిరగేశారు: నాయకుడే మారాలి, ఎదుటి మనిషికి పని ఎంత వచ్చు, ఎంత ఇష్టంగా చేస్తాడు అన్నదాన్ని బట్టి. ట్రైనింగుల్లో ఈ రెండోదే ఎక్కువ వినబడుతుంది, బోర్డు మీద నాలుగు గళ్లు గీసి చెప్పడానికి వీలుగా ఉంటుంది కాబట్టి. పరిశోధనల్లో మాత్రం దానికి దొరికిన బలం పలచనే. మన గుంట గట్టు మీద ఇద్దరి మాటా కొంతవరకు నిజమే. 3.20కి ఆజ్ఞలే సరైనవి. ఆరు గంటలకు అదే గొంతుతో అడిగితే ఎవరూ నోరు విప్పరు.

అధికారం ఎక్కడి నుంచి వస్తుందన్నది విడిగా చదవాలి. ఫ్రెంచ్, రేవెన్ 1959లో అయిదు మూలాలు చెప్పారు: పదవి, ఇవ్వగలిగే లాభం, వేయగలిగే శిక్ష, పనితనం, మనిషి మీద గౌరవం. చీమకుర్తి వైపు క్వారీలో నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. సర్టిఫికెట్ ఉన్న మేనేజరు సంతకం లేకుండా పని నడవదు, అది పదవి. కానీ బ్లాకు ఎటు కొయ్యాలి, లోపల పగులు ఎటు పోయిందన్న మాటొస్తే అందరి చూపూ ఏళ్ల తరబడి రాయి కోసిన మేస్త్రి వైపు తిరుగుతుంది, అది పనితనం. వీళ్లిద్దరి మాట ఒకటిగా ఉన్నన్నాళ్లూ ఏమీ కనబడదు. తేడా వచ్చిన రోజున కూలీలు ఎవరి మాట వింటారో ఆ రోజు మీరు అక్కడ ఉండాలి.

తర్వాతి తరం వాళ్లు నాయకుడు అందరితో ఒకేలా ఉంటాడన్న ఊహనే కొట్టేశారు. జార్జ్ గ్రేన్, ఆయనతో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరితో ఉన్న సంబంధాన్ని విడివిడిగా కొలిచారు. పైవాడికి దగ్గరివాళ్లు కొందరుంటారు, మిగతావాళ్లు జీతానికి తగ్గ పని చేసి పోతారు. మన పెద్దాయన సంగతి ఇక్కడ తేలవచ్చు. బ్యాటరీ వీకని ఆయన రెండ్రోజుల ముందే టెక్నీషియన్‌కి చెప్పి ఉండొచ్చు, ఆ మాట మేనేజరు దాకా పోకపోయి ఉండొచ్చు. ఊహించి వదిలేయకుండా అడిగి తెలుసుకోండి. ఎలా అడగాలో అయిదో మెట్టులో చెబుతాను.

పరివర్తన నాయకత్వం గురించి రెండు ముక్కలు చాలు. జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ 1978లో రాజకీయాల గురించి చెప్పినదాన్ని బెర్నార్డ్ బాస్ 1985లో కంపెనీల్లోకి తెచ్చాడు. ఇచ్చిపుచ్చుకునే లెక్క దాటి, మనిషి తన స్వార్థం పక్కనబెట్టి పనిచేసేలా చేయడం దాని సారం. వినడానికి గొప్పగా ఉంటుంది, కానీ ఫలితం బాగుంటే పరివర్తన అంటున్నారు, బాగోలేకపోతే అనడం లేదు అన్న విమర్శకు సరైన జవాబు ఇంకా లేదని నా అభిప్రాయం. దానికంటే 1978లోనే కెర్, జెర్మియర్ చెప్పింది మనకు ఎక్కువ పనికొస్తుంది: మనుషులు పనిలో ఆరితేరి ఉంటే, పని పద్ధతి ముందే గట్టిగా నిర్ణయమై ఉంటే, నాయకుడి అవసరమే తగ్గుతుంది. మీరు చూస్తున్న చోట "ఈయన లేకపోతే ఏ పని ఆగుతుంది?" అని రాసుకుని చూడండి, జాబితా చిన్నదే అవుతుంది.

పదవి లేని నాయకత్వం కోసం మాత్రం నెల్లూరు జిల్లా దాటాల్సిన పని లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠం, అక్కడ రోజూ కూర్చుని మాట్లాడుకునే అలవాటు, ఈ రెండూ ఆ కదలికకు ఊపిరి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. కానీ అదే ఆడవాళ్లు మొదలుపెట్టిన పొదుపు సంఘాలు నిలిచి పెరిగాయి. రొనాల్డ్ హైఫెట్జ్ 1994లో పదవి వేరు, నాయకత్వం వేరు అని రాసిన అధ్యాయాలు చదివేటప్పుడు ఈ వరస పక్కన పెట్టుకోండి: ఏది నిలిచింది, ఏది జారిపోయింది, ఎందుకు?

నాలుగో మెట్టు: మన నేల మీద పెట్టి చూడండి

ఈ సిద్ధాంతాల్లో ఎక్కువ భాగం అమెరికా విశ్వవిద్యాలయాల్లో పుట్టినవే. అందుకని పారేయనక్కర్లేదు, అలాగని కళ్లుమూసుకుని ఒప్పుకోనూ వద్దు. హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల సర్వేల నుంచి లెక్కగట్టిన అధికార దూరం సూచిలో భారతదేశానికి 77 వచ్చింది. అంటే పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం మామూలు విషయంగా తీసుకుంటారని. ఇది దేశం మొత్తానికి సగటు. దీన్ని పట్టుకుని "మా క్లర్కు ఇంతే" అనడం తప్పు.

పాట్నాలో పనిచేసిన జె.బి.పి. సిన్హా 1980లో ఒక మధ్యదారి చెప్పాడు. మన దగ్గర నెగ్గుకొచ్చే పైవాడు ఆప్యాయత చూపిస్తాడు, కానీ ఆ ఆప్యాయతను పనికి ముడిపెడతాడు. కింది మనిషికి పని వచ్చేకొద్దీ నిర్ణయాల్లో చోటిస్తాడు. "అన్నా" అని పిలిపించుకునే సూపర్‌వైజరు ఉన్న ప్రతి సెక్షన్లో ఇది పరీక్షించవచ్చు. ఆ అన్న, పని చెడగొట్టిన తమ్ముణ్ణి అందరి ముందూ మందలిస్తాడా, పక్కకు పిలిచి మందలిస్తాడా, అసలు ఏమీ అనడా? మూడోది అయితే అక్కడున్నది మొహమాటం.

అయిదో మెట్టు: మనుషులను అడగడం

"మీ మేనేజరు ఎలాంటివాడు?" అని అడిగితే "దేవుడు సార్" అంటారు. ఎవరి మెడకు తాడు వాళ్లే తగిలించుకోరు కదా. జాన్ ఫ్లానగన్ 1954లో రాసిన కీలక సంఘటన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది: అభిప్రాయం అడక్కుండా జరిగిన సంఘటన అడగండి.

"చివరిసారి మిషను ఆగినప్పుడు ఏం జరిగిందబ్బయా? ముందు ఎవరు చూశారు? ఎవరికి చెప్పారు? వాళ్లేమన్నారు? అప్పుడు నువ్వేం చేశావు?" ఇంతే. టీ కొట్టు దగ్గర, పని బట్టలు మార్చుకున్నాక అడగండి. ఆఫీసు గదిలో కూర్చోబెట్టకండి. రికార్డరు పెడితే ఒప్పుకున్నాకే పెట్టండి. పెద్దవాళ్లను "మీరు" అనే పిలవండి, వాళ్లు మేస్త్రి అయినా కూలీ అయినా సరే. ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో వీలైతే ఒక ఆడపిల్లను తోడు తీసుకెళ్లండి. మగ సూపర్‌వైజరు ఎదురుగా ఉండగా వాళ్లు చెప్పేది ఒకటి, బస్సు కోసం నిలబడ్డప్పుడు చెప్పేది మరొకటి.

ఒకే సంఘటన ముగ్గురి నోట వినండి. ముగ్గురూ ఒప్పుకున్న చోటు కంటే తేడా పడ్డ చోటే ఎక్కువ విలువైనది.

ఆరో మెట్టు: గెలుపు కథల దగ్గర జాగ్రత్త

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు సముద్రంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. పత్రికల వాళ్ల ముందుకు వచ్చి బాధ్యత నెత్తినేసుకుంది ఇస్రో అధిపతి సతీశ్ ధవన్. 1980 జులై 18న రెండోది గెలిచినప్పుడు కలాంనే మాట్లాడమన్నాడు. కలాం ఈ సంగతి చాలాసార్లు చెప్పారు. శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే కాబట్టి మన వాళ్లకు ఇది ఇంటి కథ లాంటిది.

దీన్ని అభ్యాసంగా తీసుకోండి. గ్రేన్ చెప్పిన సంబంధాల సిద్ధాంతంతో ఒక పేరా రాయండి, సిన్హా కళ్లతో ఒక పేరా రాయండి. మూడోది కొంచెం ఇబ్బంది పెట్టే పేరా: రెండో ప్రయోగం కూడా పడిపోయి ఉంటే ఈ కథ ఇన్నిసార్లు చెప్పేవాళ్లా? ధవన్ చేసింది అప్పుడూ అంతే మంచి పని కదా. జేమ్స్ మీండెల్, తోటి పరిశోధకులు 1985లో చెప్పింది ఇదే. సంస్థ బాగా గెలిచినా బాగా ఓడినా జనం కారణాన్ని నాయకుడి మీదే వేస్తారు. మార్కెట్టు, వాతావరణం, అదృష్టం వెనక్కి పోతాయి. రొయ్య ధర పెరిగిన ఏడాది ప్రతి ఫారం మేనేజరూ మొనగాడే.

ఏడో మెట్టు: ఒక చిన్న మార్పు చేసి చూడండి

మీ కింద ఇద్దరు మనుషులున్నా చాలు. షిఫ్టు మొదలయ్యే ముందు పది నిమిషాలు నిలబడి మాట్లాడుకునే అలవాటు పెట్టండి. అందులో మీరు ఆఖర్న మాట్లాడండి. ఏదైనా జరిగాక నాలుగు ప్రశ్నలు అడగండి: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం చేద్దాం. అమెరికా సైన్యం వాడే పద్ధతి ఇది. "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న ఇందులో లేదని గమనించండి.

ఏం కొలవాలో ముందే రాసుకోండి: చెప్పకుండా మానేసినవాళ్లు, మీ దాకా వచ్చిన చిన్న లోపాలు, మీరు లేనప్పుడు ఆగిన పనులు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కబెట్టినప్పుడు, బాగా పనిచేస్తున్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. తర్వాత తేలిందేమంటే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరిగినందువల్ల కాకుండా, చెప్పడానికి భయం లేనందువల్లే ఆ లెక్క పెరిగింది. ఆమె 1999లో ఒక తయారీ కంపెనీలో 51 బృందాల మీద ఇదే విషయాన్ని పరీక్షించింది. కాబట్టి మొదటి నెలలో మీ దగ్గరికి ఫిర్యాదులు పెరిగితే బెంబేలెత్తకండి. "బ్యాటరీ వీకుగా ఉంది సార్" అన్న మాట రెండ్రోజుల ముందే మీ చెవిన పడటం మొదలైందన్నమాట.

ఎనిమిదో మెట్టు: రాయడం, తిరిగి చెప్పడం

మరింత చదవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. స్వయం, ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్లలో నాయకత్వం, ఆర్గనైజేషనల్ బిహేవియర్ కోర్సులు ఉచితంగా చూడొచ్చు. ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞానకోశ్‌లో, మన దేశపు పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగలో దొరుకుతాయి. శోధ్‌గంగలో నాయకత్వం మీద చాలా గ్రంథాలు ప్రశ్నావళి పంచి సగటులు కట్టినవే. వాటిలో ప్రశ్నావళి అనుబంధం మాత్రం చూసి పక్కన పెట్టండి.

మీ రాత పది పన్నెండు పేజీలు దాటనక్కర్లేదు. రెండు సంఘటనలు పూర్తిగా చెప్పండి, ఒక్కొక్కదాన్ని రెండు ఎదురెదురు సిద్ధాంతాలతో చదవండి, ఏ సిద్ధాంతానికి ఏది కనబడలేదో రాయండి. పేర్లు, ఊరు, గుంట నంబరు మార్చేయండి. చిన్న ఊళ్లలో "ఆ తెల్ల బండి సూపర్‌వైజర్" అన్నా చాలు, మనిషెవరో పట్టేస్తారు.

యజమాని కాపీ అడుగుతాడు. అప్పుడు కాగితం ఇచ్చే ముందు, మీకు మాటలు చెప్పినవాళ్లకు వాళ్ల భాగం చదివి వినిపించండి. "ఈ ముక్క తీసెయ్ అబ్బయా" అంటే వాదించకుండా తీసేయండి, ఆ తర్వాతే యజమాని చేతికివ్వండి.